తెర పైకి ఎలా జరుగుతుంది? కంట్రోల్ స్ట్రింగ్ కట్టే పద్ధతి



ఈసారి స్కాలర్‌షిప్పు మౌఖిక పరీక్షలకు వచ్చిన కంప్యూటరు విద్యార్థులను నేను ఒక చిన్న ప్రశ్న అడిగాను. "24 వరుసలున్న తెర నిండిపోయింది. ఇంకొక వరుస రాయమంటే ఏమవుతుంది?" బళ్ళారి నుండి వచ్చిన అబ్బాయి, బరంపురం నుండి వచ్చిన అమ్మాయి, షోలాపూరు నుండి వచ్చిన అన్నదమ్ములు, అందరూ ఒకే జవాబు చెప్పారు: "తెర పైకి జరుగుతుందండీ." సరైన జవాబే. "మరి ఎవరు జరుపుతారు? ఏమని చెబితే జరుగుతుంది?" అన్నాను. అక్కడ అందరూ ఆగిపోయారు.

తప్పు పిల్లలది కాదు. ఈ సంగతి సాధారణంగా పాఠ్యపుస్తకాలలో కనబడదు. నేను కూడా ఉద్యోగంలో చేరి, ఒక పెద్ద పొరపాటు చేసిన తరువాతే నేర్చుకున్నాను. ఆ పొరపాటుకు ఇంకొకరు మాట పడ్డారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

చాలా ఏళ్ళ క్రితం ఒక సంస్థకు ఖాతాల ప్రోగ్రాము రాశాను. తెర మీద పై నాలుగు వరుసలలో ఖాతాదారు పేరు, నంబరు స్థిరంగా ఉండాలి. కింది నాలుగు వరుసలలో సూచనలు ఉండాలి. మధ్యలో 5వ వరుస నుండి 20వ వరుస దాకా పద్దులు ఒకదాని తరువాత ఒకటి వస్తూ, చోటు నిండితే అంత మేరకే పైకి జరగాలి. నా బల్ల మీద ఉన్న టెర్మినల్ మాన్యువల్ చూసి, దానికి కావలసిన సంకేతాలను ప్రోగ్రాములో చేత్తో రాసేశాను. చక్కగా పని చేసింది. అందరూ మెచ్చుకున్నారు.

అదే ప్రోగ్రామును ఒక శాఖకు పంపారు. అక్కడ వేరే తయారీ టెర్మినళ్ళు ఉన్నాయి. వాటికి నా సంకేతం అర్థం కాలేదు. ఒక మూల బ్రాకెట్టు, 5, సెమీకోలన్, 20 అని పిచ్చి అక్షరాలు పడ్డాయి. అంతటితో పోలేదు. మధ్య భాగం మాత్రమే జరగవలసింది, తెర మొత్తం జరిగింది. పద్దులతో పాటు పైనున్న ఖాతాదారు పేరు కూడా ఎగిరిపోయింది. అక్కడి గుమాస్తా గారు పేరు కనబడకపోయినా పని ఆపలేక, తరువాతి ఖాతాకు మారాననుకుని ఒకరి డబ్బును ఇంకొకరి ఖాతాలో వేశారు. సాయంత్రం లెక్క సరిచూసినప్పుడు బయటపడింది. పై అధికారులు ఆయన్నే నిలదీశారు. నేను వెళ్ళేసరికి ఆయన ఒక్కటే మాట అన్నారు: "బాబూ, కళ్ళ ముందు పేరే లేకపోతే నేనేం చేయను?"

నేనేం తప్పు చేశానో ఆ రాత్రి కూర్చుని వెతికాను. వెతికినప్పుడు తెలిసిన విషయాలు కింద వరుసగా చెబుతాను.

టెర్మినల్‌కు ఆజ్ఞ ఎలా అందుతుంది?

టెర్మినల్‌కూ కంప్యూటరుకూ మధ్య ఉన్నది ఒకే దారి. అక్షరాలూ ఆజ్ఞలూ ఆ దారిలోనే వస్తాయి. ఏది అక్షరమో ఏది ఆజ్ఞో విడదీయడానికి ఒక గుర్తు కావాలి. ఎస్కేప్ అనే కంట్రోల్ అక్షరం ఆ పని చేస్తుంది. దాని సంఖ్య 27. "దీని తరువాత వచ్చేది అచ్చు వేయవద్దు, ఆజ్ఞగా తీసుకో" అని దాని అర్థం. ఎస్కేప్‌తో మొదలై ఆజ్ఞ పూర్తయ్యే దాకా ఉన్న అక్షరాల మాలనే కంట్రోల్ స్ట్రింగ్ అంటారు.

1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వీటీ100 అనే టెర్మినల్‌ను విడుదల చేసింది. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. దానికి స్క్రోలింగ్ ప్రాంతం అనే సౌకర్యం ఉంది. ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్టు, 5, సెమీకోలన్, 20, చిన్న ఆర్ అని ఏడు అక్షరాలు పంపితే, "ఇకపై 5వ వరుస నుండి 20వ వరుస వరకే జరుపు" అని అది గ్రహిస్తుంది. తరువాత కర్సరును 20వ వరుసకు తీసుకువెళ్ళి లైన్‌ఫీడ్ అనే ఒక్క అక్షరం పంపితే చాలు. 5వ వరుస మాయమై, మిగిలినవి ఒక్కో మెట్టు పైకి వెళ్ళి, 20వ వరుస ఖాళీ అవుతుంది. పైన 4, కింద 4 వరుసలు కదలవు. కిందికి జరపాలంటే కర్సరును 5వ వరుసలో పెట్టి ఎస్కేప్, పెద్ద ఎమ్ పంపాలి.

షోలాపూరులోని మన పద్మశాలీ కుటుంబాల వారికి ఇది తేలికగా అర్థమవుతుంది. మగ్గం చట్రం కదలదు. నేసిన గుడ్డను చుట్టుకుంటూ పోతారు. కొత్తగా నేయవలసింది ముందున్న కాస్త మేరే. గుడ్డ జరిగిందని మొత్తం మళ్ళీ నేయరు కదా!

ఇందులో ఆదా ఎంత?

ఆ రోజులలో తీగ వేగం 9600 బాడ్ అంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు. 5 నుండి 20 దాకా 16 వరుసలు. వాటిని మొత్తం తిరిగి రాస్తే 16 × 80 = 1280 అక్షరాలు, అంటే సెకను మీద మూడో వంతు. స్క్రోలింగ్ ప్రాంతం వాడితే ప్రాంతం పెట్టడానికి 7, కర్సరుకు 7, లైన్‌ఫీడుకు 1, కొత్త వరుసకు 80, చివర ప్రాంతం తీసేయడానికి 7, మొత్తం 102 అక్షరాలు. ఇది సెకనులో పదో వంతు. టెలిఫోను మోడెం మీద 1200 బాడ్ అయితే తేడా ఇంకా తెలుస్తుంది. తిరిగి రాస్తే 10 సెకన్లు దాటుతుంది, జరిపితే ఒక సెకను కూడా పట్టదు. పద్దు పద్దుకూ 10 సెకన్లు ఆగవలసి వస్తే ఎవరు పని చేయగలరు? అందుకే ఈ ఆజ్ఞలకు అంత విలువ.

అన్ని టెర్మినళ్ళదీ ఒకే భాష కాదు

నేను పడిన గోతి ఇదే. వీటీ100 కంటే ముందు అదే సంస్థ తెచ్చిన వీటీ52కు స్క్రోలింగ్ ప్రాంతమే లేదు. వైస్ 50 అనే టెర్మినల్‌కు కూడా లేదు. కాని దానికి ఒక వరుసను తొలగించే ఆజ్ఞ (ఎస్కేప్, పెద్ద ఆర్), ఒక వరుసను చేర్చే ఆజ్ఞ (ఎస్కేప్, పెద్ద ఈ) ఉన్నాయి. ఈ రెండింటితో అదే పని చేయవచ్చు. 5వ వరుసకు వెళ్ళి తొలగించండి. కిందివన్నీ, సూచనల వరుసలతో సహా, ఒక మెట్టు పైకి వస్తాయి. ఇప్పుడు 20వ వరుసకు వెళ్ళి ఒక ఖాళీ వరుస చేర్చండి. సూచనలు తిరిగి తమ చోటికి దిగుతాయి.

ఇక్కడ క్రమం ముఖ్యం. తొలగింపు ముందు, చేర్పు తరువాత. చేర్పు ముందు చేస్తే 24వ వరుస తెర అడుగు నుండి జారిపోతుంది, తిరిగి రాదు. క్రమం సరిగా ఉన్నా కింది వరుసలు ఒక్క క్షణం పైకి లేచి దిగుతాయి కాబట్టి కంటికి అదురుగా ఉంటుంది. స్క్రోలింగ్ ప్రాంతం ఉన్నచోట దానినే వాడటానికి ఇదొక కారణం.

అంటే చేయవలసిన పని ఒకటే, చెప్పే మాట మాత్రం టెర్మినల్‌కొకటి. బెంగుళూరు వీధిలో కన్నడంలో, చెన్నపట్నంలో తమిళంలో, కటకంలో ఒడియాలో మాట్లాడి పని జరుపుకునే మనకు ఇది కొత్త కాదు.

వర్ణనల పట్టిక, ఖాళీలున్న ఫారం

ఈ చిక్కును విప్పినవారు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు. బిల్ జాయ్ 1970ల చివర వీఐ అనే ఎడిటరు రాస్తూ, ఒక్కో టెర్మినల్ ఆజ్ఞలను ప్రోగ్రాములో కాక విడిగా ఒక పట్టికలో రాసి పెట్టారు. దాని పేరు టెర్మ్‌క్యాప్. 1980 ప్రాంతంలో అక్కడే కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ అనే లైబ్రరీ తయారు చేశారు. తరువాత బెల్ ల్యాబ్స్‌లో మార్క్ హోర్టన్ టెర్మ్‌ఇన్ఫో అనే మెరుగైన పట్టిక తెచ్చారు. ఈనాడు లినక్స్‌లో మనం వాడే ఎన్‌కర్సెస్, 1982లో పావెల్ కర్టిస్ రాసిన పీకర్సెస్ నుండి పెరిగి 1993లో విడుదలైంది. చాలా ఏళ్ళుగా థామస్ డిక్కీ దానిని చూసుకుంటున్నారు. అది అందరికీ ఉచితం.

పట్టికలో కంట్రోల్ స్ట్రింగ్ నేరుగా ఉండదు. మన స్కాలర్‌షిప్పు దరఖాస్తులాగా ఖాళీలున్న ఫారం ఉంటుంది. వీటీ100 వర్ణనలో స్క్రోలింగ్ ప్రాంతం పెట్టే సామర్థ్యానికి పేరు సీఎస్ఆర్. దాని ఫారం తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

ఎస్కేప్ [ %ఐ %పీ1 %డీ ; %పీ2 %డీ ఆర్

(మధ్యలో ఖాళీలు చదవడానికి పెట్టినవి, అసలులో ఉండవు.) ఈ ఫారాన్ని నింపే ఫంక్షను పేరు టీపార్మ్. దాని దగ్గర పళ్ళేల దొంతర లాంటిది ఒకటి ఉంటుంది. పైన పెట్టినదే ముందు తీస్తుంది. మనం 4, 19 అనే రెండు సంఖ్యలు ఇచ్చామనుకోండి. అది ఎడమ నుండి కుడికి ఇలా నడుస్తుంది:

ఎస్కేప్, బ్రాకెట్టు: ఉన్నవి ఉన్నట్టు రాస్తుంది.
%ఐ: రెండు సంఖ్యలకూ ఒకటి కలుపుతుంది. 4, 19 కాస్తా 5, 20 అవుతాయి.
%పీ1: మొదటి సంఖ్య 5ను దొంతర మీద పెడుతుంది.
%డీ: దొంతర పైనున్న దానిని తీసి అంకెలుగా రాస్తుంది.
సెమీకోలన్: ఉన్నది ఉన్నట్టు.
%పీ2, %డీ: 20ను పెట్టి, తీసి, రాస్తుంది.
చివర ఆర్: ఉన్నది ఉన్నట్టు.

ఫలితం మనం పైన చూసిన ఏడక్షరాల మాలే. అదే వైస్ 50లో కర్సరును కదిలించే ఫారం వేరు. అది వరుస సంఖ్యకు 32 కలిపి, వచ్చిన సంఖ్యకు సరిపడే అక్షరాన్ని పంపమంటుంది. 4కు 32 కలిపితే 36, అది డాలరు గుర్తు. 19కి కలిపితే 51, అది 3 అనే అంకె. కలపడం %+ చేస్తుంది, అక్షరంగా రాయడం %సీ చేస్తుంది. ప్రోగ్రాము రాసేవారు ఇచ్చేది రెండు చోట్లా 4, 19 వంటి మామూలు వరుస సంఖ్యలే. మిగిలిన తంటా ఫారానిది.

విద్యార్థులు జాగ్రత్త పడవలసినవి

పట్టిక సంగతి తెలిసిన తరువాత కూడా నేను మూడు నాలుగు సార్లు తప్పాను. అవి మీకు జరగకూడదని చెబుతున్నాను.

ఒకటి. లైబ్రరీ లెక్క సున్నా నుండి మొదలవుతుంది, వీటీ100 లెక్క ఒకటి నుండి. ఆ తేడా సరిచేసేది %ఐ. నేను తెలివిగా ముందే 5, 20 ఇచ్చాను. అది 6, 21 చేసింది. పద్దులు సూచనల మీదికి ఒక వరుస ఎక్కాయి.

రెండు. వీటీ100లో ప్రాంతం పెట్టగానే కర్సరు తెర మొదటికి వెళ్ళిపోతుంది. కాబట్టి ప్రాంతం పెట్టిన తరువాతే కర్సరును కావలసిన చోటికి తీసుకువెళ్ళాలి. ముందు తీసుకువెళితే ఫలితం లేదు.

మూడు. పని అయ్యాక ప్రాంతాన్ని తిరిగి తెర మొత్తానికి పెట్టాలి. మరిచిపోతే మీ తరువాత వచ్చిన ప్రోగ్రాము ఆ 16 వరుసలలోనే ఇరుక్కుంటుంది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినా ఈ శుభ్రం చేసే పని జరిగేలా చూడాలి.

నాలుగు. తయారైన స్ట్రింగును ప్రింట్‌ఎఫ్‌తో రాయకండి. టీపుట్స్ అనే ఫంక్షనుకు ఇవ్వండి. పాత టెర్మినళ్ళకు పని ముగించడానికి కొంత వ్యవధి కావాలి. వీటీ100 వర్ణనలో వెనక్కు జరిపే ఆజ్ఞ చివర 5 మిల్లీసెకన్లు ఆగమని ఒక గుర్తు ఉంటుంది. టీపుట్స్‌కు దాని అర్థం తెలుసు. ప్రింట్‌ఎఫ్ ఆ గుర్తును అలాగే తెర మీద పడేస్తుంది.

ఐదు. సామర్థ్యం ఉందో లేదో ముందు అడగండి. టీఐజీఈటీఎస్‌టీఆర్ అనే ఫంక్షనును సీఎస్ఆర్ కావాలని అడిగితే, ఆ టెర్మినల్‌కు లేకపోతే సున్నా పాయింటరు వస్తుంది. అప్పుడు తొలగింపు, చేర్పు ఉన్నాయేమో చూడాలి. అవీ లేకపోతే ఆ 16 వరుసలను తిరిగి రాయాలి. ఆలస్యమైనా ఖాతాదారు పేరు తెర మీద ఉంటుంది. నేను ఆనాడు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ గుమాస్తా గారికి ఆ అవమానం జరిగేది కాదు.

లైబ్రరీకే వదిలేస్తే

నిజానికి పై పనులన్నీ కర్సెస్ తానే చేస్తుంది. మనం సెట్-ఎస్సీఆర్-రెగ్ అనే ఫంక్షనుకు 4, 19 ఇచ్చి, స్క్రోల్‌ఓకే ద్వారా అనుమతిస్తే చాలు. అయితే సెట్-ఎస్సీఆర్-రెగ్ వెంటనే టెర్మినల్‌కు ఏదీ పంపదు. తన దగ్గరున్న తెర నమూనాలో మాత్రమే మార్పు చేస్తుంది. రిఫ్రెష్ అన్నప్పుడు పాత తెరనూ కొత్త తెరనూ పోల్చి ఏం పంపాలో నిర్ణయిస్తుంది. అసలు టెర్మినల్ సౌకర్యాలను వాడాలంటే ఐడీఎల్‌ఓకే అనే అనుమతి కూడా ఇవ్వాలి. మామూలుగా అది ఇచ్చి ఉండదు.

ఏ వరుస ఎక్కడికి జరిగిందో దానికెలా తెలుస్తుంది? ప్రతి వరుసకూ ఒక గుర్తింపు సంఖ్య లెక్క కడుతుంది. పాత తెరలో ఒక్కసారే, కొత్త తెరలో ఒక్కసారే వచ్చిన వరుసలను జతపరుస్తుంది. వాటి ఇరుగుపొరుగు వరుసలు కూడా కలిస్తే అదంతా ఒక గుంపుగా జరిగిందని తేలుస్తుంది. ఈ ఆలోచన 1978లో పాల్ హెకెల్ రెండు ఫైళ్ళ మధ్య తేడాలు కనిపెట్టడానికి ప్రచురించిన పద్ధతి నుండి వచ్చింది. డేటా స్ట్రక్చర్స్ పాఠంలో హ్యాషింగ్ ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు ఇది మంచి జవాబు.

ఈనాడు దీనితో పనేమిటి?

వీటీ100 పెట్టెలు కనుమరుగైనా వాటి భాష ఉంది. లినక్స్‌లో, మాక్‌లో, విండోస్ 10 నుండి విండోస్‌లో కూడా టెర్మినల్ కిటికీలు ఆ భాషే మాట్లాడతాయి. దూరాన ఉన్న సర్వరును ఎస్ఎస్‌హెచ్ ద్వారా నడిపేవారు, విమ్ ఎడిటరు వాడేవారు రోజూ దాని మీదే ఆధారపడుతున్నారు. ఇప్పుడు అన్నీ ఒకే భాషలో ఉన్నాయి కదా అని చేత్తో రాసేవారు చాలామంది ఉన్నారు. కాని కిటికీ ఎత్తు 24 వరుసలే ఉండాలని లేదు. స్క్రీన్, టీమక్స్ వంటి ప్రోగ్రాముల లోపల వర్ణన మారుతుంది. టెర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో సరైన పేరు ఉంటే లైబ్రరీ సరైన ఫారం తీస్తుంది. దానిని బలవంతంగా మార్చకండి.

ఇంట్లో చేయగల అభ్యాసం

1. లినక్స్ టెర్మినల్‌లో టి-పి-యు-టి అనే ఆజ్ఞకు సి-ఎస్-ఆర్, 4, 19 ఇచ్చి, ఫలితాన్ని పైపు గుర్తుతో ఓ-డి ఆజ్ఞకు పంపండి. ఓ-డి పక్కన మైనస్ సి పెట్టండి. ఆ ఏడక్షరాలూ విడివిడిగా కనబడతాయి. ఎస్కేప్ 033 అని వస్తుంది. అది 27కు అష్టాంశ రూపం.

2. ఐ-ఎన్-ఎఫ్-ఓ-సి-ఎమ్-పి ఆజ్ఞకు వీటీ100, వీటీ52 పేర్లు రెండూ ఇవ్వండి. తేడాలు చూసి, సీఎస్ఆర్ ఎవరికి ఉందో రాసుకోండి.

3. పైపు లేకుండా మొదటి ఆజ్ఞ ఇచ్చి, తరువాత పెద్ద ఫైలు ఒకటి తెర మీదికి వదలండి. కిటికీలో కొంత భాగమే కదులుతుంది. ఆర్-ఈ-ఎస్-ఈ-టి అని కొడితే మామూలుగా అవుతుంది. భయపడనక్కరలేదు, యంత్రానికి ఏ హానీ లేదు.

4. ఒక సంఖ్యల జత, ఒక ఫారం తీసుకుని ఫలితం ఇచ్చే చిన్న టీపార్మ్‌ను మీరే సీ భాషలో రాయండి. %ఐ, %పీ1, %పీ2, %డీ నాలుగూ చాలు. రెండు రోజుల పని.

తల్లిదండ్రులకు ఒక మాట. దీనికి కొత్త కంప్యూటరు కొనవలసిన అవసరం లేదు, వేలు పోసి కోర్సులో చేర్పించనక్కరలేదు. లినక్స్ నడిచే పాత యంత్రం ఏదైనా సరిపోతుంది. పిల్లలు నల్లటి తెర ముందు కూర్చుని గంటల తరబడి ఒక్క వరుసను పైకీ కిందికీ జరుపుతుంటే కాలం వృథా చేస్తున్నారని కోప్పడకండి.

నాలుగో అభ్యాసం పూర్తి చేసిన విద్యార్థులు తమ ప్రోగ్రామును ట్రస్టు కార్యాలయానికి పంపితే నేను చదివి, తప్పులుంటే గుర్తించి తిప్పి పంపుతాను. వచ్చే ఏడు మౌఖిక పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాను. ఈసారి "ఎలా చెబితే జరుగుతుంది" అన్న దగ్గర ఎవరూ ఆగరని ఆశిస్తున్నాను.

శుభాకాంక్షలతో,
ట్రస్టు విద్యా విభాగ కార్యకర్త